కరిగట్టు చెరువుకు వచ్చినవాళ్లు

పెళ్లయి కరిగట్టుకు వచ్చిన నాటి నుంచి నాగవేణి ఒక్క చలికాలమైనా ఆ ఊళ్లో గడిపింది లేదు. దీపావళి దాటగానే గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోవడం, మొదట పత్తి తీయడం, ఆ తర్వాత మిరపకాయలు కోయడం, ఉగాది దగ్గర పడ్డాక ఇల్లు చేరడం. కరిగట్టులో భూమి లేని ఇళ్లన్నిటికీ ఇదే బతుకు. ఆ నెలల్లో ఊళ్లో సగం తలుపులకు తాళాలే కనబడతాయి.

అందుకే ఈ ఏడు తాను రానని ఆమె చెప్పినప్పుడు, మొగుడు మద్దయ్య ముందుగా ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

“జరమేం లేదే,” అన్నాడు.

“జరమని నేను యాడ సెప్పినా? అడివి సారు ఇచ్చిన పని ఉండాది గదా. అది చేస్తా.”

మద్దయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఊరికే నడిసేదానికి మనుషులు వస్తారంట. వాళ్లతో పాటు నువ్వు నడుస్తావంట. అదొక పనా?”

“ఒక్క సలికాలం నా ఇంట్లో పండుకోవాలని ఉండాది,” అంది నాగవేణి.

అంతకు మించి ఆమెకు చెప్పడం రాలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదనుకుంది. పొలం గట్ల మీద పట్టాల గుడారాల్లో మంచుకు తడుస్తూ పడుకున్నదీ, మిరప ఘాటుకు మండే చేతులను రాత్రుళ్లు బకెట్లో ముంచుకుని కూర్చున్నదీ మద్దయ్యకు తెలియనివి కావు. పక్కన ఉన్నది అతనే కదా. అయినా అతనికి కోపం తగ్గలేదు. పోయే రోజు తన తల్లి సుంకులమ్మ మూట కట్టాడు, గుంపుకు వంట చేయడానికి ఆమె కూడా ఏటా పోతుంది. పెళ్లాంతో మాత్రం పోయొస్తానని కూడా అనలేదు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద బస్సు దిగి కాస్త లోపలికి వస్తే కరిగట్టు. ఊరి వెనక నల్లరాతి గుట్ట, గుట్ట కింద చిట్టడవి, అడవిని ఆనుకుని చెరువు. అక్కడే అటవీ శాఖ వాళ్లు కొత్తగా నడక బాట వేశారు. కష్టపడి ఎక్కేది, దిగేది లేదు. ముసలివాళ్లూ, చంకన పిల్లలున్నవాళ్లూ కూడా నడవచ్చు. గేటు దగ్గర మొదలై తుమ్మ, చండ్ర, సీతాఫలం చెట్ల మధ్య నుంచి పోయి, పెద్ద పెద్ద రాతి గుండ్ల పక్కగా తిరిగి, చెరువు అంచుకు దిగి, నీళ్ల వెంబడి సాగి మళ్లీ గేటు దగ్గరికే చేరుతుంది. రెండు వైపులా సున్నం కొట్టిన రాళ్లు, అక్కడక్కడ కూర్చోవడానికి బండలు, బొమ్మలున్న బోర్డులు. టికెట్లు చింపి ఇవ్వడానికీ, వచ్చినవాళ్ల వెంట నడవడానికీ, వాళ్లు పారేసినవి ఏరడానికీ పొదుపు సంఘం నుంచి ఇద్దరిని తీసుకున్నారు. ఒకరు నాగవేణి, రెండోది లక్ష్మక్క. లక్ష్మక్క వయసులో పెద్దది, మోకాళ్ల నొప్పులతో ఈ ఏడే సుగ్గి మానుకున్న మనిషి. గేటు దగ్గరి కుర్చీ తనదేనని మొదటి రోజే తేల్చేసింది.

వాళ్లకు పని నేర్పిన అడివి సారు బీట్ ఆఫీసరు మధుసూదన్. పత్తికొండ పిల్లవాడు, ఉద్యోగంలో కొత్త. మొదటిసారి నాగవేణిని ఆ బాట మీద నడిపించి తాను వెనక వచ్చాడు.

నడుస్తుంటే ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అడవికి ఆమె ఎన్నోసార్లు పోయింది. కట్టెలకు పోయింది, మేకలకు రొట్ట కోయడానికి పోయింది. పోయేటప్పుడు చేతిలో కొడవలి, వచ్చేటప్పుడు నెత్తిన మోపు. నెత్తిన మోపుంటే మెడ తిప్పేదానికి ఉండదు, కాళ్ల కింది ముళ్లు చూసుకోవడమే. ఇప్పుడు ఖాళీ చేతులతో తలెత్తి చూస్తే గుండ్లు ఇంత ఎత్తున ఉన్నాయా అనిపించింది. పై గుండు ఒక ఇల్లంత ఉంది. అది కింది గుండు మీద అరచెయ్యంత చోట ఆనుకుని నిలబడింది. ఎప్పటి నుంచి అట్లా నిలబడిందో. దాని నీడలోనే తాను ఇన్నేళ్లూ మోపు దించుకుని చెమట తుడుచుకునేది.

“అక్కా, నిమ్మళంగా నడవాల,” అన్నాడు మధుసూదన్. “మీరు ఉరికితే వచ్చినోళ్లూ ఉరుకుతారు. అప్పుడు ఏమీ సూడరు.”

చెరువు దగ్గర ఒక బోర్డు మీద బాతు బొమ్మ ఉంది. బూడిద రంగు ఒళ్లు, తెల్లని తల, ఆ తల వెనక రెండు నల్లని పట్టెలు.

“పట్టె తల బాతు,” అన్నాడు మధుసూదన్. “సలికాలం వస్తాయి. యాడి నుంచి అనుకున్నారు? హిమాలయాల అవతల నుంచి. అంత మంచు కొండల మీదుగా ఎగిరి మన సెరువుకు వస్తాయి. ఇది మాత్రం అందరికీ సెప్పాల.”

సాయంత్రం ఈ సంగతి విని లక్ష్మక్క ముఖం చిట్లించింది. “వాటికి ఆడ సెరువులు లేవా?”

“ఆడ నీళ్లు గడ్డ కడతాయంట అక్కా.”

“ఎవురు సూసినారు?”

నిజమే, ఎవరు చూశారు? నాగవేణి చూసిన చెరువు ఎండాకాలపు చెరువు. నెర్రెలిచ్చిన ఒండ్రు, మధ్యలో ఒక మడుగు, దాంట్లో గేదెలు. ఉగాదికి వాళ్లు వచ్చేసరికి అట్లా ఉండేది. వానలు పడ్డాక ఎర్రనీళ్లు చేరేవి. అవి తేరుకుని తేటపడేలోపు మళ్లీ ప్రయాణమే. ఈసారి వానలు ఆలస్యంగా పడినా గట్టిగా పడ్డాయి. నీళ్లు కట్ట నిండా నిలిచి, గుట్టను తలకిందులుగా చూపిస్తున్నాయి. అది చూడడమే ఆమెకు వింతగా ఉంది. బాతుల మాట మాత్రం, బడిలో పద్యం నేర్చినట్టు నేర్చుకుని వచ్చినవాళ్లకు అప్పజెప్పేది.

జనం వచ్చేవాళ్లు. ఆదివారాలు ఆదోని నుంచి మోటారుసైకిళ్ల మీద కుర్రవాళ్లు, సెలవు రోజుల్లో బడి పంతుళ్లు, మంత్రాలయం దర్శనానికి పోతూ దారిలో ఆగినవాళ్లు. గుండ్ల దగ్గర ఫోటోలు తీసుకునేవాళ్లు. బోర్డు దగ్గర ఆగి, ఆమె చెప్పింది విని, చెరువు వైపు చూసేవాళ్లు. అక్కడ రెండు కొంగలు, ఒక నీటికోడి.

“యాడున్నాయమ్మా నీ హిమాలయాల బాతులు?” అన్నాడు ఒకాయన నవ్వుతూ. “బోర్డు మీదేనా?”

తోటివాళ్లు నవ్వారు. ఆయన మంచిగానే అన్నాడు గాని నాగవేణికి తల దించుకోవాల్సి వచ్చింది. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం అబద్ధమే కదా అనుకుంది. ఆ రోజు పని అయ్యాక ఇంటికి పోకుండా, చెరువు అవతల శనగ చేను ఉన్న ఉరుకుందప్ప దగ్గరికి పోయింది. ఊళ్లో కాస్త భూమి ఉన్నవాడు, సుగ్గికి పోయే అగత్యం లేనివాడు. గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“మామా, ఈ సెరువుకు సలికాలం బాతులు వస్తాయంట, నిజమేనా?”

“అవా? వస్తాయి,” అన్నాడు ఉరుకుందప్ప. “ఏటేటా వస్తాయి. మొలకలు మేసిపోతాయి. వాటి కోసరం దీపావళి టపాసులు కొన్ని దాసిపెట్టుకుంటా.”

నాగవేణి అక్కడే నిలబడిపోయింది. “నువ్వు సూసినావా?”

“సిన్నప్పటి నుంచి సూస్తాండా.”

“ఎట్లుంటాయి?”

ఉరుకుందప్ప కాసేపు ఆలోచించాడు. “బాతులు బాతుల మాదిరే ఉంటాయి. ఎట్లుంటాయేంది?”

ఆమె ఇంటికి వచ్చింది. దారిలో తాళాలు వేసిన ఇళ్లు. ఈ ఇళ్లవాళ్లెవరూ ఒక్కసారి కూడా ఆమెతో బాతుల మాట అనలేదు. వాళ్లకు తెలిస్తే కదా.

మార్గశిరం మొదలయ్యాక చలి ముదిరింది. ఒక పొద్దున్నే, ఇంకా ఎండ రాకముందే, ఎమ్మిగనూరు నుంచి ముసలి దంపతులు ఇద్దరు ఆటోలో వచ్చారు. ఆయన పేరు సీమోను, ఆమె నాగమ్మ. సీమోను ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో వయసంతా పని చేశాడు. ఆ దూదిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. మంచి గాలి ఉన్న చదును నేల మీద మెల్లగా నడవమని డాక్టరు చెప్పాడట. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, భార్య శాలువా తాను కప్పుకుని, చేతికర్ర పట్టుకుని ఉన్నాడు.

“పాపా, మాతో వస్తే నీకు పొద్దు పోతాది,” అన్నాడు నాగవేణితో. “నేను నడిసేది శానా తక్కువ, కూసునేది ఎక్కువ.”

“కూసుందాం పెద్దాయనా. మనకేం తొందర?”

బయలుదేరారు. మంచు దట్టంగా కురుస్తోంది. తుమ్మచెట్లు దగ్గరికి పోతే తప్ప కనబడడం లేదు. ప్రతి బండ దగ్గరా సీమోను కూర్చున్నాడు. కూర్చున్నప్పుడల్లా ఆయన ఛాతీలో పిల్లికూతలు వినబడేవి. నాగమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడేది. గుండ్ల దగ్గర ఆయన చాలాసేపు పైకి చూశాడు.

“దీన్ని ఎవురు పెట్టింటారు?” అని, భార్య ఏదో అనబోతే, “నాకు తెలుసులే ఎవురు పెట్టినారో. ఊరికే అడిగినా,” అన్నాడు.

చెరువు అంచుకు దిగేసరికి చెరువే కనబడలేదు. కాళ్ల ముందు చేతి వెడల్పు నీళ్లు, ఆ తర్వాత అంతా తెలుపు. బోర్డు మీద బాతు బొమ్మ తడిసి మెరుస్తోంది. నాగవేణి నేర్చిన మాటలు మొదలుపెట్టింది.

“ఇవి పట్టె తల బాతులు. సలికాలంలో…”

అప్పుడు ఆ చప్పుడు వినబడింది.

మొదట ఎక్కడో కందెన లేని బండ్లు వరసగా పోతున్నాయనుకుంది. తర్వాత గుట్ట అవతల ఏదో ఊరేగింపు పోతోందనుకుంది, చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నట్టుంది. కాని ఆ చప్పుడు నేల మీద లేదు. నెత్తిమీద ఉంది, దగ్గరవుతోంది. ముగ్గురూ తలలెత్తారు. పైన తెల్లదనం తప్ప మరేమీ లేదు. ఆ తెల్లదనం అంతా అరుస్తోంది.

మంచులోంచి ముందు ఒకటి దిగింది. రెక్కలు విప్పుకుని, ఒక పక్కకు ఒరిగి, చెట్టు నుంచి ఆకు రాలినట్టు తూలుతూ వచ్చి, చివరి క్షణంలో నిటారుగా అయి, నారింజరంగు కాళ్లు ముందుకు చాచి నీళ్లను తాకింది. నీళ్లు చీలాయి. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఎన్నో. వరసల మీద వరసలు మంచులోంచి పుట్టుకొస్తున్నాయి. పైన ఉన్నవి పిలుస్తున్నాయి, దిగినవి బదులు పలుకుతున్నాయి. దిగిన ప్రతిదానికీ నీటి మీద ఒక అల లేచి, అలలు ఒకదానిలో ఒకటి కలిసి వీళ్ల కాళ్ల దగ్గర గట్టును తడుపుతున్నాయి. రెక్కల గాలికి మంచు చెదిరి, చెరువు కొద్దికొద్దిగా బయటపడింది. బయటపడిన మేరా బాతులే. తెల్లని తలలు, ఆ తలల వెనక నల్లని పట్టెలు. బోర్డు మీద గీసినట్టే ఉన్నాయి. కాని బోర్డు మీద చప్పుడు లేదు, వేడి లేదు, అంత దూరం నుంచి ఎగిరొచ్చిన అలుపు లేదు. కొన్ని దిగీ దిగగానే మెడ వెనక్కి తిప్పి, ముక్కు రెక్కల్లో పెట్టుకుని ఉన్నచోటనే నిద్రపోయాయి.

ఎంతసేపు దిగాయో నాగవేణికి తెలియదు. తాను ఎప్పుడు నేల మీద కూలబడిందో కూడా తెలియదు. తడిమట్టి చీరకు అంటుకుని చల్లగా తగిలినప్పుడు చూసుకుంది. పక్కన సీమోను గుడిలోకి అడుగుపెట్టినట్టు తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకల మీద మంచు బిందువులు పడుతున్నా తుడుచుకోలేదు.

తన పని గుర్తొచ్చి ఆమె లేచింది. “ఇవి హిమాలయాల అవతల నుంచి…” అంది.

“ఉండనీ పాపా,” అంది నాగమ్మ మెల్లగా. “సెప్పొద్దులే.”

చాలాసేపటికి సీమోను, “ఊపిరి సంగతే మర్సిపోయినా,” అన్నాడు. అన్నాక అది గుర్తొచ్చినట్టు దగ్గాడు. దగ్గితే ఎక్కడ ఎగిరిపోతాయోనని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అవి ఎగరలేదు.

వాళ్లను తిరిగి ఆటో ఎక్కించాక నాగవేణి మళ్లీ చెరువు దగ్గరికి పరుగున వచ్చింది. అప్పటికి ఎండ పడింది. ఇది ఎవరికో చెప్పాలి. లక్ష్మక్క అప్పుడే గేటు వదిలేసి, మోకాళ్ల నొప్పులతోనే కుంటుకుంటూ వచ్చి చూస్తోంది. ఆమెకు చెప్పేది లేదు. నాగవేణి కొంగు ముడిలోంచి ఫోను తీసి మద్దయ్యకు కలిపింది. పోయినప్పటి నుంచి అతను రెండుసార్లు చేశాడు, రెండుసార్లూ అమ్మ మాట్లాడాలంటోందని సుంకులమ్మకు ఇచ్చేశాడు.

“ఏమైంది?” అన్నాడు మద్దయ్య కంగారుగా. పని వేళలో ఆమె ఎప్పుడూ చేయదు.

“ఏమీ కాలేదు. ఇను.”

ఫోను పైకెత్తి చెరువు వైపు పట్టుకుంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకుని, మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

“ఏం సద్దు అది? కుక్కలా?” అన్నాడు మద్దయ్య.

“మన సెరువు.”

“సెరువేంది అట్ల అరిసేది?”

“బాతులు. మంచు కొండల అవతల నుంచి వచ్చినాయి. నీళ్లు కనబడకుండా దిగినాయి. నేను సూస్తాండంగానే దిగినాయి.” ఇంకా చెప్పాలని ఉంది. “మన సెరువే,” అంది మళ్లీ.

అవతల పత్తిచేను గాలి వినబడింది. తర్వాత మద్దయ్య గొంతు దూరంగా, ఎవరితోనో అంటోంది. “ఈడికి రాండి. మన సెరువంట. ఇనండి.” ఫోనులో గుసగుసలు, అడుగుల చప్పుడు. “ఇంగోసారి పట్టుకో,” అన్నాడు ఆమెతో. ఆమె మళ్లీ ఫోను పైకెత్తింది. అక్కడ, అంత దూరాన, ఎవరిదో పత్తిచేను మధ్యలో కరిగట్టువాళ్లంతా నడుములకు పత్తి సంచులతో నిలబడి తమ చెరువు చప్పుడు విన్నారు.

ఆ రోజు నుంచి మద్దయ్య రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు ఫోను చేసేవాడు. కోపం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. “ఉండాయా?” అని అడిగేవాడు. “ఉండాయి,” అనేది. పెట్టేసేవాడు.

ఆ నెలలోనే సముద్రంలో వాయుగుండం లేచి గుంటూరు పక్క పట్టు వదలకుండా వానలు కురిశాయి. విచ్చిన పత్తి చెట్ల మీదే నల్లబడింది. చేలల్లోకి కాలు పెట్టే వీలు లేదు. మిరపకోత మొదలయ్యే దాకా పని ఉండదని రైతులు చెప్పడంతో కరిగట్టు గుంపు ఇంటికి బయలుదేరింది. ఎప్పుడూ లేనిది, చలికాలం నడిమధ్య, ఒక మధ్యాహ్నం వాళ్లంతా ఊళ్లో దిగారు. తడిసిన మూటలు, ముడుచుకుపోయిన ముఖాలు. పని పోయిన దిగులు ఎవరూ పైకి చెప్పకపోయినా అందరి మీదా ఉంది.

మద్దయ్య మూట గడపలో పెట్టి కాళ్లు కూడా కడుక్కోలేదు.

“సూపించు,” అన్నాడు.

అతని వెనక సుంకులమ్మ వచ్చింది. ఆమె వెనక పక్కింటివాళ్లు వచ్చారు. గేటు దగ్గరికి చేరేసరికి వీధి వీధంతా ఉంది. లక్ష్మక్క టికెట్ల పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

“ఊరోళ్లకు టికెట్ ఏందిలే. పోండి,” అంది. “బీడీలు కాల్సొద్దు. గట్టిగా మాట్లాడొద్దు.”

నాగవేణి ముందు నడిచింది. వాళ్లు ఆమె వెనక నడిచారు. ఈ అడవిలో వాళ్లకు తెలియని చెట్టు లేదు. అయినా చేతుల్లో కొడవళ్లు లేకుండా, నెత్తిన మోపులు లేకుండా నడవడం వాళ్లకూ కొత్తే. చేతులు కట్టుకున్నవాళ్లు కట్టుకున్నారు, వెనక్కి పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నారు. గుండ్ల దగ్గరికి వచ్చాక ఎవరో, “ఇదెప్పుడూ ఈడనే ఉండేదా?” అన్నారు. ఎవరూ నవ్వలేదు. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. మట్టి ఎర్రగా, రాళ్లు ఎర్రగా ఉన్నాయి. నాగవేణి ఎక్కడా ఉరకలేదు.

చెరువు కనబడగానే మాటలు ఆగిపోయాయి.

అంచు నుంచి అంచు దాకా నీళ్ల మీద బాతులు. సాయంత్రపు వెలుగులో వాటి తెల్లని తలలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. వాళ్లు గట్టు వెంబడి ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు ఎత్తుకున్నారు. సుంకులమ్మ బండ మీద కూర్చుంది. కూర్చుని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నేను సూసినా వీటిని,” అంది.

మద్దయ్య తల్లి వైపు తిరిగాడు. “ఎప్పుడు?”

“సిన్నప్పుడు. నేను పుట్టింది ఈ ఊళ్లోనే గదా. మా నాయన భుజం మీద కూసుని సూసినా. సుగ్గి లేదు అప్పుడు, యాడికీ పోయేటోళ్లం కాదు.” ముసలామె చాలాసేపు నీళ్ల వైపే చూసింది. “ఆ యెనక రావడం నిలిపేసినాయి అనుకున్నా. అవి వస్తానే ఉండాయి. మనమే లేం.”

ఒకామె ముక్కు చీదుకుంది.

పొద్దు గుట్ట వెనక్కి జారగానే బాతుల్లో కదలిక పుట్టింది. తలలు పైకి లేచాయి. ఒక మూల నుంచి పిలుపు మొదలై చెరువంతా పాకింది. అంతలోనే అవన్నీ లేచాయి. నీళ్లన్నీ ఒక్కసారి లేచినట్టు అనిపించింది. గట్టు మీద నిలబడినవాళ్ల వైపే వచ్చాయి, మేతకు శనగచేల మీదికి పోయే దారి అదే. నెత్తుల మీదుగా, చెయ్యెత్తితే తగిలేంత కిందుగా పోయాయి. ఆ రెక్కల గాలి వాళ్ల ముఖాలకు కొట్టింది, ఆడవాళ్ల కొంగులు ఎగిరాయి. ఈకల సందుల్లో గాలి ఈలలు వేయడం వినబడింది. ఒకటి పోయాక ఇంకొక వరస. పైన ఆకాశం కనబడదు, ఆ బూడిదరంగు కడుపులే. చిన్నపిల్లలు కూడా ఏడవలేదు, నోళ్లు తెరుచుకుని చూశారు. మద్దయ్య చెయ్యి చీకట్లో వెతుక్కున్నట్టు వచ్చి నాగవేణి మణికట్టును పట్టుకుంది. అతని వేళ్లు పత్తికాయల మొనలు గీరుకుని గరుకుగా ఉన్నాయి.

చివరి వరస పోయాక చెరువు ఖాళీగా, నిశ్శబ్దంగా, ఊగుతూ మిగిలింది. ఆ నిశ్శబ్దంలో దూరాన చేల వైపు నుంచి టపాసు పేలింది.

“ఎవురది?” అన్నాడు మద్దయ్య.

“ఉరుకుందప్ప మామ. శనగకు కాపలా.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరికీ ఊపిరి వచ్చినట్టయింది. మెల్లగా తిరుగుదారి పట్టారు. పోతూ పోతూ ఒక్కొక్కరే ఆగి వెనక్కి చూస్తున్నారు. మద్దయ్య మాత్రం కదలలేదు. నాగవేణి అతనితో ఉండిపోయింది. ఇద్దరూ బండ మీద కూర్చున్నారు.

“అంత దూరం నుంచి పిల్లల్ని కూడా తెస్తాయా?” అని అడిగాడు.

“ఈ ఏడు పుట్టినవి కూడా తల్లితో వస్తాయంట. దారి ఆ ఒక్కసారికే నేర్సుకుంటాయంట. సారు సెప్పినాడు.”

మద్దయ్య తల ఊపాడు. నీళ్ల మీద ఒక ఈక తేలుతూ గట్టుకు వచ్చి ఆగింది. తీసుకుంటాడేమోనని ఆమె చూసింది. తీసుకోలేదు. కాసేపటికి అలతో అదే వెనక్కి పోయింది.

“నువ్వు ఈడనే ఉండు,” అన్నాడు. “మిరపకోతకు నేనూ అమ్మా పోతాం. నువ్వు రావద్దు.” లేచి నిలబడుతూ, “రోజూ ఫోను చేస్తా. సెరువు పక్కకు పట్టుకోవాల,” అన్నాడు.

మర్నాడు ఆదివారం. ఆదోని నుంచి ఒక కుటుంబం వచ్చింది. చదువుకున్నవాళ్లు, మెడలో దుర్భిణి ఉంది. నాగవేణి ముందు నడుస్తుంటే మద్దయ్య చేతులు వెనక్కి పెట్టుకుని చివర నడిచాడు. బాతులు తిరిగి వచ్చి ఉన్నాయి. ఆమె బోర్డు దగ్గర ఆగి నింపాదిగా చెప్పింది. ఎక్కడి నుంచి వస్తాయో, ఎట్లా దిగుతాయో, దిగేటప్పుడు ఎట్లా ఒరుగుతాయో, సాయంత్రం ఏ దారిన పోతాయో. దిగడం గురించి చెబుతూ తెలియకుండానే రెండు చేతులూ చాచి పక్కకు ఒరిగింది. వచ్చినవాళ్లు నవ్వలేదు. ఆమె చేతుల వైపు, నీళ్ల వైపు మార్చి మార్చి చూశారు.

దుర్భిణి ఉన్నాయన మద్దయ్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. “మీది ఈ ఊరేనా?”

“అవునన్నా. పుట్టింది ఈడనే.”

“అదృష్టవంతులు. చిన్నప్పటి నుంచి చూస్తుంటారు.”

మద్దయ్య నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

“లేదన్నా,” అన్నాడు. “నిన్ననే సూసినా.”

ఆయనకు అర్థం కాలేదు. అడగబోయి మద్దయ్య ముఖం చూసి ఆగాడు. మెడలోంచి దుర్భిణి తీసి అతనికి ఇచ్చాడు. మద్దయ్యకు దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియలేదు. ఆయన సరిచేసి కళ్ల దగ్గర పెట్టాడు. మద్దయ్య చాలాసేపు చూశాడు. వాళ్లంతా బాట వెంట ముందుకు పోయినా అతను అక్కడే ఉన్నాడు. ఆయన కూడా తొందరపెట్టకుండా అతని పక్కనే నిలబడ్డాడు.